శిశు సంక్షేమ సేవలో తొలి సంవత్సరం

ఈ మధ్య మిత్రుడొకరు మా ఇంటికి వచ్చారు. వారి అమ్మాయి సమాజ సేవాశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్నది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొంటానంటున్నదట. మిత్రునికి ఆ సంగతి అంతగా రుచించలేదు. "అసలు ఆ ఉద్యోగమేమిటండీ? దిక్కులేని పిల్లలకు అన్నం పెట్టటమే కదా! దానికింత చదువెందుకు?" అని నన్నడిగారు.

ఆయన ప్రశ్నలో తప్పు లేదు. డాక్టరు చేసే పని అందరికీ తెలుసు. ఉపాధ్యాయుడు చేసే పని అందరూ చూచినదే. శిశు సంక్షేమ కార్యకర్త చేసే పని మాత్రం నలుగురి కంట పడదు. పడరాదు కూడా. ఆ పని జరిగేది ఒక ఇంటి గడపకు లోపల; ఒక పసివాని మనస్సుకు లోపల. రేడియోలో బాలల గురించి ఒక ప్రసంగమాల సిద్ధం చేసే నిమిత్తం, మన రాష్ట్రంలోని ఒక జిల్లాలో అట్టి కార్యకర్తల వెంట కొన్ని వారాలు తిరిగే అవకాశం నాకు కలిగింది. అప్పుడు చూచినదీ, విన్నదీ, తరువాత చదివి తెలుసుకొన్నదీ కలిపి ఆ మిత్రునికి చెప్పిన సమాధానమే ఈ ప్రసంగం. పిల్లల ఆనవాళ్ళు తెలియకుండా ఊళ్ళూ వివరాలూ కొద్దిగా మార్చాను. అలా మార్చటం మర్యాద మాత్రమే కాదు, చట్టం విధించిన కర్తవ్యం కూడా.

ముందుగా చట్టం సంగతి. 2015లో పార్లమెంటు ఆమోదించి, 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చిన బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని ప్రతివారూ బాలలే. నేరం చేశారన్న ఆరోపణ మీద వచ్చే పిల్లలు ఒక తరగతి. వారి సంగతి చూచేందుకు వేరే మండలి ఉన్నది. రెండవ తరగతివారు సంరక్షణ అవసరమైన బాలలు. తల్లిదండ్రులు లేనివారు, ఇల్లు విడిచి వచ్చినవారు, తప్పిపోయినవారు, బిచ్చమెత్తుకొనేవారు, పనిలో పెట్టబడినవారు, దెబ్బలకూ అత్యాచారాలకూ గురి అయినవారు, ఈడు రాకుండానే పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టబడే ప్రమాదంలో ఉన్న ఆడపిల్లలు – వీరందరూ ఈ రెండవ తరగతిలోకి వస్తారు.

ఇట్టి పిల్లవాడు ఒక రాత్రివేళ రైల్వే స్టేషనులో కనిపించాడనుకోండి. పోలీసులు కానివ్వండి, మరెవరు కానివ్వండి, ప్రయాణకాలం మినహాయించి 24 గంటలలోగా వానిని బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే సమితి అది. వారిలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలి. మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు ఆ సమితికి ఉన్నవి. అధికారమైతే ఉన్నది కాని, ఆ పిల్లవాని ఇల్లెక్కడ, ఇంట్లో ఎవరున్నారు, ఎందుకు వచ్చాడు, తిరిగి పంపితే క్షేమంగా ఉంటాడా అన్నది సమితికి ఎట్లా తెలుస్తుంది? అందుకు సమితి ఒక కార్యకర్తను పిలిచి, "మీరు వెళ్ళి చూచి రండి" అంటుంది. కార్యకర్త వెళ్ళి చూచి వ్రాసి ఇచ్చే కాగితానికి సామాజిక విచారణ నివేదిక అని పేరు. ఆ విచారణ 15 రోజులలో ముగియాలనీ, పిల్లవాడు మొదట హాజరైన నాటి నుండి నాలుగు నెలలలో సమితి తుది ఉత్తర్వు ఇవ్వాలనీ చట్టం ఉద్దేశం.

నాలుగైదు పుటల నివేదిక అది. దాని మీద ఆధారపడి ఉండేది మాత్రం ఒక పిల్లవాడు రేపటి నుండి ఏ కప్పు క్రింద నిద్రపోతాడు అన్న విషయం. ఉద్యోగంలో చేరి ఏడాది అయినా కాని ఇరవై మూడేళ్ళ యువతీ యువకుల చేతికి ఇంతటి బరువు అప్పగించే వృత్తులు లోకంలో ఎక్కువ లేవు. కనుక ఈ వృత్తిలో మొదట నేర్చుకోవలసినది జాలి పడటం కాదు. జాలి లేనివారు ఈ దారికి రానే రారు. నేర్చుకోవలసినది తొందరపడకుండా చూడటం. చూడకముందే తీర్పు చెప్పకుండా ఉండటం.

ఇది ఈనాడు కొత్తగా కనిపెట్టిన మాట కాదు. అమెరికాలో మేరీ రిచ్మండ్ అనే విదుషీమణి 1917లో 'సోషల్ డయాగ్నోసిస్' అన్న గ్రంథం ప్రకటించారు. కష్టంలో ఉన్న కుటుంబానికి సహాయం చేయబోయేవారు ముందు సాక్ష్యాన్ని ఎట్లా సేకరించాలి, ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలి, విన్నదానికీ కన్నదానికీ ఉన్న భేదం ఏమిటి అన్నది ఆమె అందులో విపులంగా చర్చించారు. దానము చేయటం ఒక గుణమైతే, సహాయం చేయటం ఒక శాస్త్రం అన్న భావం అప్పటి నుండి బలపడింది.

మన దేశం కూడా ఇందులో మరీ వెనుకబడి లేదు. 1920లోనే మద్రాసు రాజధానిలో బాలల చట్టం ఒకటి వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. 1936లో బొంబాయిలో సమాజ సేవను శాస్త్రంగా బోధించే విద్యాలయం ఒకటి వెలసింది. ఈనాటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అదే. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలు. సేవకు మంచి మనస్సుతోపాటు శిక్షణ కూడా కావాలన్నది ఆమె కార్యక్రమాలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఆ తరువాత 1986లో ఒకటి, 2000లో ఒకటి, 2015లో ఒకటిగా దేశమంతటికీ వర్తించే చట్టాలు వచ్చినవి. చట్టాలు మారినవి కాని, గడప దాటి లోపలికి వెళ్ళి చూచి రావలసిన మనిషి అవసరం మాత్రం మారలేదు.

నేను వెంట తిరిగిన కార్యకర్తలలో ఒక యువతి ఉన్నది. ఉద్యోగంలో చేరి అప్పటికి పదకొండు నెలలు. తాను చేసిన రెండు పొరపాట్లను ఆమె దాచకుండా నాతో చెప్పింది. "నా పేరు చెప్పకండి గాని, ఈ సంగతులు మాత్రం చెప్పండి. కొత్తగా వచ్చేవాళ్ళకు పనికి వస్తవి" అన్నది.

మొదటిది తొమ్మిదేళ్ళ పిల్లవాని సంగతి. రాత్రి పది గంటలకు బస్టాండులో ఒంటరిగా తిరుగుతున్నాడని తీసుకువచ్చారు. ఊరూ పేరూ చెప్పాడు గాని, అంత రాత్రివేళ అక్కడ ఎందుకున్నావంటే మాత్రం నోరు మెదపడు. మరునాడు ఉదయం పదకొండు గంటలకు మన అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళింది. కాలవగట్టు మీద ఒక రేకుల పాక. తల్లి లేదు. ఏడేళ్ళ చెల్లెలు ఏడాది పిల్లను చంకన వేసుకొని గుమ్మంలో నిలబడి ఉన్నది. పొయ్యిలో నిప్పు లేదు. గోడ ప్రక్కన ఖాళీ సారా సీసాలు రెండు పడి ఉన్నవి. ప్రక్క పాకలోని ఆమె వచ్చి, "ఆవిడకు పిల్లల పట్టింపు ఎక్కడిదండీ! తెల్లవారితే పోతుంది, ఏ రాత్రికో వస్తుంది" అన్నది. అమ్మాయి మనస్సు కరిగిపోయింది. ఆ సాయంకాలమే నివేదిక వ్రాసింది: 'తల్లి నిర్లక్ష్యం స్పష్టం. ఇంట వంట లేదు. మద్యపానం జరుగుచున్నట్లు ఆనవాళ్ళు. బాలుని గృహంలో చేర్చుట శ్రేయస్కరం.'

పై అధికారి అనుభవజ్ఞురాలు. కాగితం చదివి, కోప్పడకుండా, నాలుగు ప్రశ్నలు వేసిందట. "తల్లిని చూచావా అమ్మా? పొయ్యి చల్లగా ఉన్నదన్నావు, నీవు వెళ్ళింది ఎన్ని గంటలకు? ఆ సీసాలు ఎవరివి? ఆ ప్రక్కింటామెకూ ఈమెకూ మాటలున్నవా, లేవా?" నాలుగింటిలో ఒక్కదానికీ అమ్మాయి దగ్గర జవాబు లేదు.

మరునాడు తెల్లవారుజామున మూడు గంటలకు, మరొక కార్యకర్తను తోడు తీసుకొని మళ్ళీ వెళ్ళింది. తల్లి అప్పటికే లేచి అన్నం వార్చి, సత్తు గిన్నెలో పెట్టి, కుక్కలకు అందకుండా ఉట్టి మీద ఎక్కించి, మూత పెడుతున్నది. బస్టాండు దగ్గర ఒక టిఫిను హోటలులో నాలుగు గంటలకల్లా పిండి పని అందుకోవాలి. మధ్యాహ్నం వచ్చి పిల్లలను చూచుకొని, సాయంత్రం మళ్ళీ అదే హోటలులో అంట్లు తోమటానికి పోతుంది. భర్త విడిచిపెట్టి మూడేళ్ళయింది. సీసాలు ప్రక్కింటి కుర్రవాడు ఏరి అమ్ముకొనేవి. ప్రక్కింటామెకూ ఈమెకూ కుళాయి దగ్గర తగవు వచ్చి మాటలు లేవు. ఇక పిల్లవాడు రాత్రి పదింటికి బస్టాండులో ఎందుకున్నాడంటారా? తల్లి పని ముగించుకొని వచ్చేటప్పుడు చీకటిలో ఒంటరిగా రాకూడదని తోడు రావటానికి. హోటలు దగ్గరకు పిల్లలు వస్తే పని మాన్పిస్తానని యజమాని అన్నాడు. అందుకని వాడు దూరంగా నిలబడేవాడు. నిజం చెబితే అమ్మ పని పోతుందని భయపడి, పోలీసులకూ చెప్పలేదు, సమితికీ చెప్పలేదు.

తొమ్మిదేళ్ళవాడు తల్లిని కాపాడటానికి పట్టిన మౌనాన్ని, ఆ తల్లి నిర్లక్ష్యానికి ఋజువుగా వ్రాయబోయింది మన అమ్మాయి. మొదటి నివేదిక అట్లాగే సమితికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

రెండవ నివేదిక మీద ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళాడు. వట్టిచేతులతో కాదు. ఇప్పుడు అమలులో ఉన్న మిషన్ వాత్సల్య పథకం క్రింద, భర్త పోయిన లేక విడిచిన తల్లులు పోషించే పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, నెలకు 4,000 రూపాయల చొప్పున స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఏర్పాటు ఉన్నది. అది మంజూరు అయిన తరువాత తల్లి సాయంకాలపు పని మానుకొన్నది. పిల్లవాడు బడికి పోతున్నాడు. సంస్థలో చేర్చటం అన్నది అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు పట్టే చివరి దారి కావాలని చట్టంలో వ్రాసి ఉన్నది. ఆ వాక్యానికి అర్థం ఆనాడు నాకు బోధపడింది.

అయితే, శ్రోతలారా, ఇక్కడితో ఆపితే నేను సగం సత్యమే చెప్పినవాడినవుతాను. 'ఎట్లాగైనా ఇంటికి పంపటమే మేలు' అని మీరు అనుకోవచ్చు. ఆ అమ్మాయి కూడా అట్లాగే అనుకొన్నది. రెండవ పొరపాటు అక్కడి నుండి వచ్చింది.

ఈసారి పదమూడేళ్ళవాడు. రైల్వే ప్లాట్‌ఫారం మీద దొరికాడు. వేరే జిల్లా నుండి తండ్రి వచ్చాడు. కొడుకును చూచి భోరున ఏడ్చాడు. ఆధారు కార్డు ఉన్నది, బడి కాగితాలున్నవి. అందరి కళ్ళూ చెమ్మగిల్లినవి. అమ్మాయి పిల్లవానిని, "ఇంటికి వెళ్తావా?" అని అడిగింది. వాడు తల ఊపాడు. 'బాలుడు సమ్మతించెను' అని వ్రాసింది. సమితి పంపించింది. ఇరవై రోజులు తిరగకముందే వాడు మళ్ళీ అదే ప్లాట్‌ఫారం మీద కనిపించాడు, మోచేతి మీద కాలిన మచ్చతో.

ఈసారి అమ్మాయి వానిని ఏమీ అడగలేదు. మూడు రోజులు వరుసగా వెళ్ళి వాని ప్రక్కన కూర్చొన్నది. వాడు చదరంగం పావులు పేరుస్తుంటే చూచింది. నాలుగవనాడు వాడే, "అక్కా, మళ్ళీ మా నాన్నను పిలిపిస్తావా?" అన్నాడు. ఆ ప్రశ్నతో కథంతా బయటికి వచ్చింది. తండ్రి ఒక ఇటుక బట్టీ యజమాని దగ్గర అడ్వాన్సు పుచ్చుకొన్నాడు. తాను జబ్బుపడ్డాడు. ఆ బాకీ క్రింద కొడుకును బట్టీలో పెట్టాడు. కాలిన మచ్చ అక్కడిదే. తండ్రి కన్నీరు అబద్ధం కాదు. తండ్రి అప్పూ అబద్ధం కాదు. రెండూ నిజమే. చూడవలసినవారు మొదటిది మాత్రం చూచి ఊరుకొన్నారు.

"నేను అడిగిన ప్రశ్నలో తప్పు లేదండీ," అన్నది ఆ అమ్మాయి నాతో. "ఎవరి ఎదుట అడిగానో అది గమనించలేదు. వాళ్ళ నాన్న ఎదుట అడిగాను. ఇంకేమంటాడు?"

తన జీవితాన్ని గురించిన నిర్ణయంలో మాట చెప్పే హక్కు పిల్లవానికి ఉన్నదని చట్టం అంటున్నది. మాట చెప్పగల చోటు కల్పించటం కార్యకర్త పని. పదునాలుగేళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవటాన్ని 2016 నాటి సవరణ దాదాపు పూర్తిగా నిషేధించింది. అప్పు క్రింద మనిషిని కట్టివేసే వెట్టి పద్ధతిని 1976 నాటి చట్టమే రద్దు చేసింది. పిల్లవాడు బాలల గృహంలో ఉండి చదువుకొంటున్నాడు. తండ్రి బాకీ విషయం రెవెన్యూ అధికారుల ముందుకు వెళ్ళింది. పండుగలకు తల్లి వచ్చి చూచి పోతున్నది. వాని విషయంలో ఈనాటికి క్షేమమైన దారి అది. రేపు పరిస్థితులు మారితే దారీ మారవచ్చు. ఒకసారి వ్రాసిన ప్రణాళికను మళ్ళీ మళ్ళీ తిరిగి చూచుకోవాలన్న నియమం అందుకే.

ఈ రెండు సంగతులూ ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. ఒకటి ఇంటి నుండి వేరుచేయబోయిన పొరపాటు. ఇంకొకటి ఇంటికి పంపివేసిన పొరపాటు. రెండింటికీ మూలం ఒక్కటే. మనస్సులో ముందే ఒక కథ అల్లుకొని, ఆ కథకు సరిపోయిన వాటిని మాత్రమే చూడటం.

మరి కొత్తగా చేరేవారు దీనిని ఎట్లా తప్పించుకోవాలి? ఆ అనుభవజ్ఞురాలైన అధికారి తన క్రింది వారికి నేర్పే పద్ధతి చాలా సులభమైనది. నోటుపుస్తకంలో పుటను మూడు భాగాలు చేయమంటుంది. మొదటి భాగంలో కంటితో చూచినది. రెండవ భాగంలో ఇతరులు చెప్పినది. ఎవరు చెప్పారో, వారికీ ఆ కుటుంబానికీ సంబంధమేమిటో దానితోపాటే. మూడవ భాగంలో తనకు తోచినది. ఒక భాగంలోనిది మరొక భాగంలోకి జారకూడదు. 'ఇల్లు మురికిగా ఉన్నది' అని వ్రాస్తే అది తీర్పు. 'ఒకే గది, రెండు చాపలు, పైకప్పు ఒక మూల కారుతున్నది, నీళ్ళ బిందె మీద మూత ఉన్నది' అని వ్రాస్తే అది చూపు. బిందె మీద మూత పెట్టిన చేయి ఎవరిదో ఆలోచించవలసిన అవసరం చదివేవారికి అప్పుడు కలుగుతుంది.

ఇంటికి వెళ్ళే వేళ రెండవ విషయం. ఒక్కసారి చూచినది ఇల్లు కాదు, ఆ గంటకు కనిపించిన దృశ్యం మాత్రమే. పగలొకసారి, సాయంత్రమొకసారి వెళ్ళాలి. బడిలో ఉపాధ్యాయుణ్ణి, అంగన్‌వాడీ కార్యకర్తను, ఊళ్ళో ఆశా కార్యకర్తను కలవాలి. రాత్రివేళ వెళ్ళవలసి వస్తే తోడు లేకుండా వెళ్ళరాదు.

ఇక పిల్లలతో మాట్లాడే తీరు. ఫెలిక్స్ బీస్టెక్ అనే ఆచార్యుడు 1957లో ప్రకటించిన గ్రంథంలో కార్యకర్తకూ సహాయం కోరి వచ్చినవారికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని ఏడు సూత్రాలుగా చెప్పాడు. ఎదుటివారిని ఒక ప్రత్యేక వ్యక్తిగా చూడటం, వారి భావాలను వెలిబుచ్చనివ్వటం, తన భావోద్వేగాన్ని అదుపులో పెట్టుకోవటం, ఉన్నవారిని ఉన్నట్లు అంగీకరించటం, తీర్పు తీర్చకుండటం, వారి నిర్ణయం వారిని చేసుకోనివ్వటం, రహస్యం కాపాడటం అన్నవి ఆ ఏడు. పరీక్షకు వల్లె వేయటానికి ఇవి ఏడు మాటలు. మండుటెండలో ఒక పాక ముందు నిలబడి, తాగివచ్చిన తండ్రితో మాట్లాడేటప్పుడు ఒక్కొక్కటీ ఒక్కొక్క పర్వతం.

రహస్యం కాపాడటంలో ఒక మెలిక ఉన్నది. అత్యాచారానికి గురి అయిన పిల్ల, "ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను" అంటుంది. కొత్త కార్యకర్త ఆ మాట ఇచ్చివేస్తుంది. ఇవ్వరాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అట్టి నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయటం విధి. తెలియజేయకపోవటం శిక్షార్హం. మాట ఇచ్చి తప్పితే ఆ పిల్ల మరి ఎవరినీ నమ్మదు. కనుక మొదటనే, "నిన్ను కాపాడటానికి అవసరమైన వారికి మాత్రం చెబుతాను, ఎవరికి చెప్పేదీ నీకు ముందుగా చెబుతాను" అనాలి. అదే సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించటం కూడా హింసే. పిల్లకు ఇష్టమైన చోట, వీలైనంతవరకు మహిళా పోలీసు అధికారి ఆమె మాట వ్రాసుకోవాలని చట్టం అంటున్నది. కార్యకర్త తన ఉత్సుకతను అదుపులో పెట్టుకోవటం నేర్చుకోవాలి.

కొన్ని సందర్భాలలో భాషే అడ్డుగోడ అవుతుంది. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుండి వందల సంఖ్యలో పిల్లలను పోలీసులు విడిపించారు. ఎక్కువమంది బీహారు నుండి వచ్చినవారు. అట్టి పిల్లలను విడిపించటం ఒక్క రోజు పని. వారి ఊళ్ళు కనుగొని, మళ్ళీ అదే దళారి చేతిలో పడకుండా ఇళ్ళకు చేర్చటం నెలల పని. పత్రికలలో మొదటి రోజు చిత్రం పడుతుంది. మిగిలిన నెలలు కార్యకర్తల ఫైళ్ళలో ఉంటవి.

ఉద్యోగపు కష్టసుఖాలు కూడా చెప్పాలి. జిల్లా విభాగంలో సంరక్షణాధికారులు, న్యాయ సలహా చూచే అధికారి, కౌన్సెలరు, సోషల్ వర్కర్లు, క్షేత్ర కార్యకర్తలు ఉంటారు. డిగ్రీ ఉన్నవారు చేరవచ్చు. సమాజ సేవ, సమాజ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం చదివినవారికి ఆ చదువు అక్కరకు వస్తుంది. ఈ ఉద్యోగాలలో చాలా భాగం ఒప్పందం మీద ఇచ్చేవి. జీతం పెద్దది కాదు. జిల్లా అంతా బస్సులలో తిరగాలి. రాత్రి ఫోను మోగుతుంది. వ్రాతపని విపరీతం. అన్నిటికంటె బరువైనది, విన్న సంగతులను ఇంటికి మోసుకొని రావటం. ఆ అమ్మాయి మొదటి మూడు నెలలు అన్నం సహించక బాధపడిందట. వారానికి ఒకసారి కార్యకర్తలంతా కూర్చొని ఒకరి సంగతులొకరు చెప్పుకొనే అలవాటు అక్కడ ఉన్నందువలన నిలదొక్కుకొన్నానని చెప్పింది. కొత్తవారు ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంతోపాటు, 'నా నివేదికను చదివి ప్రశ్నించే పెద్దలు ఉన్నారా?' అని కూడా విచారించుకోవాలి. ఆ నాలుగు ప్రశ్నలు అడిగిన మనిషి లేకపోతే ఆ హోటలు తల్లి గతి ఏమయ్యేది?

ఇక మన బోటి గృహస్థుల వంతు. మన వీధిలో పిల్లవాడు ఆపదలో కనిపిస్తే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. 1996లో బొంబాయిలో టాటా సంస్థ చేపట్టిన చిన్న ప్రయత్నంగా మొదలైన ఆ సేవ దేశమంతటా వ్యాపించింది. ఆ పిల్లవాని ఫొటో తీసి పదిమందికీ పంపటం మాత్రం మేలు చేయటం కాదు. సంరక్షణలోకి వచ్చిన పిల్లల ఆనవాళ్ళు వెల్లడిస్తే ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. మన ఇంటికి కార్యకర్త వచ్చి ప్రక్కింటి వారిని గురించి అడిగితే, కుళాయి దగ్గర తగవును కాసేపు మరచిపోయి, తెలిసినది మాత్రమే చెప్పుదాం. మనం విసరిన ఒక్క మాట నివేదికలో ఒక పంక్తి అవుతుంది. ఆ పంక్తి ఒక పిల్లవానిని తల్లికి దూరం చేయగలదు.

ఇవన్నీ విన్న తరువాత నా మిత్రుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే అన్నం పెట్టటం కాదన్నమాట" అన్నారు. "అన్నం పెట్టటమే. కాని, ఎవరి చేతి అన్నం తింటే ఆ పిల్లవాడు మనిషి అవుతాడో కనుక్కోవటం అంతకు ముందు చేయవలసిన పని" అన్నాను. అమ్మాయి దరఖాస్తు పెట్టుకొన్నది. ఉద్యోగం వచ్చింది. మొన్న కనిపించి, మొదటి ఇంటికి వెళ్ళివచ్చానని చెప్పింది. ఎట్లా ఉన్నదమ్మా అని అడిగాను. "ఇంకా చెప్పలేనండీ. ఇంకొకసారి సాయంత్రం పూట వెళ్ళాలి" అన్నది.

ఆ జవాబు నాకు చాలా సంతోషం కలిగించింది.